డిస్కు జారితే ఆపరేషనా, పీఆర్పీ ఇంజెక్షనా, రెండూ కలిపా: ఎవరికి ఏది సరిపోతుంది

ఎమ్మారై రిపోర్టులో ఎల్4-ఎల్5 డిస్కు (నడుములో నాలుగు, ఐదు పూసల మధ్య, బయట పీచు పొర, లోపల గుజ్జు ఉండే మెత్త) జారిందని రాగానే ఇంట్లో తలా ఒక మాట మొదలవుతుంది. నడుముకు ఆపరేషన్ వద్దే వద్దని ఒకరు, హైదరాబాదులో ఎవరికో ఇంజెక్షన్‌తోనే తగ్గిపోయిందని ఇంకొకరు. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించుకోమనే పెద్దవాళ్లు మా అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు (జారిన డిస్కు మీద దయచేసి ఆ పని చేయించకండి). ఇవి చాలవన్నట్టు ఇప్పుడు కొత్త ప్యాకేజీ ఒకటి వినిపిస్తోంది. చిన్న కోతతో జారిన ముక్క తీసేసి, అదే సిట్టింగులో డిస్కులోకి పీఆర్పీ (మీ రక్తం నుంచే వేరు చేసిన, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ద్రవం) ఇంజెక్షన్ కూడా వేస్తారు.

నేను ఫిజియోథెరపిస్టును. ఆపరేషన్‌కు ముందు భయంతో వచ్చేవాళ్లనూ, అయ్యాక నడక నేర్చుకోవడానికి వచ్చేవాళ్లనూ చూస్తుంటాను. తాడిపత్రి దగ్గర బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన భార్య ఈ మధ్య ఫైలు నా చేతిలో పెట్టి అడిగింది: "సార్, ముక్క తీసేసి, మళ్లీ డిస్కు పెరిగేదానికి ఇంజెక్షన్ ఏస్తారంట. రెండూ చేపిచ్చుకుంటే ఇంక జన్మలో రాదంట కదా?"

ఆమెకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఆసుపత్రి రెండింటినీ ఒకే బిల్లులో పెట్టినా, మీరు తీసుకోవాల్సినవి రెండు వేరు వేరు నిర్ణయాలు. ఆపరేషన్ నరం మీద ఒత్తిడి తీస్తుంది, దాని మేలుకు దశాబ్దాల రుజువుంది. పీఆర్పీని డిస్కు మానుతుందనే ఆశతో వేస్తారు, ఆ ఆశకు రుజువు ఇంకా పలచగానే ఉంది. మొదటిది అవసరమైనంత మాత్రాన రెండోది కూడా అవసరమైపోదు.

## ఈ లక్షణాలుంటే పోలికలు పక్కన పెట్టండి

మూత్రం రాకుండా బిగపట్టేయడం, లేదా తెలియకుండానే పోవడం. మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం. రెండు కాళ్లూ బలం తగ్గడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నడుము కింది నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతే ఇలా అవుతుంది. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. ఇక్కడ ఇంజెక్షన్ల ప్రసక్తే లేదు.

పాదం పైకి లేవకపోవడం కూడా తొందరపడాల్సిన విషయమే. ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడ పక్కన, ఎవరినైనా తోడు పెట్టుకుని, చెప్పుల్లేకుండా మడమల మీద పది అడుగులు నడవండి. ఒక కాలి ముందు భాగం గాల్లో నిలవకుండా నేలకు పడిపోతుంటే ఆ నరం బలం తగ్గిందని అర్థం. తర్వాత అలాగే మునివేళ్ల మీద. నొప్పి ఓర్చుకోగలిగినా సరే, బలం తగ్గుతూ పోతుంటే సర్జన్‌ను వెంటనే కలవాలి. నా అనుభవంలో జనం నొప్పికే భయపడతారు, తగ్గే బలాన్ని పట్టించుకోరు. చెప్పు జారిపోతోందని కొత్త చెప్పులు కొనుక్కున్నవాళ్లున్నారు.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కాలా, నడుమా? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. పిరుదు నుంచి మోకాలి కిందికి, పాదం దాకా లాగే నొప్పి, తిమ్మిరి, మంట ఉంటే నరం నొక్కుకుందన్నమాట. నొప్పి అంతా నడుములోనే ఉండి, కాలికి రాకపోతే సంగతి వేరు. డిస్కు ముక్క తీసే ఆపరేషన్ కాలి నొప్పికి బాగా పనిచేస్తుంది, వట్టి నడుము నొప్పికి అంతగా పనిచేయదు. రెండూ ఉంటే ఏది ఎంత శాతమో డాక్టరుకు చెప్పగలిగేలా రెండు రోజులు గమనించుకుని వెళ్లండి.

ఎన్ని వారాలైంది? కాలి నొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుముఖం పడుతుంది. బయటికొచ్చిన గుజ్జును శరీరమే కరిగించుకుంటుంది. వినడానికి వింతగా ఉన్నా, పెద్దగా బయటపడిన ముక్కలే ఎక్కువగా కరుగుతాయి. 2015లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్క చూస్తే, పూర్తిగా తెగిపడిన ముక్కలు 96 శాతం, పొర చీల్చుకుని వచ్చినవి 70 శాతం, కొద్దిగా ఉబ్బినవి 13 శాతం మాత్రమే వాటంతటవి తగ్గినట్టు తేలింది. రిపోర్టులో పెద్ద ముక్క అని రాసుంటే బెంబేలెత్తిపోనక్కర్లేదు.

స్కానింగ్‌కూ మీ నొప్పికీ పొంతన ఉందా? ఏ నొప్పీ లేని మామూలు మనుషులకు ఎమ్మారై తీసినా ఇరవై ఏళ్ల వయసులో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లకు 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. నొప్పి ఎడమ కాలిలో ఉండి, నొక్కుడు కుడి వైపు నరం మీద ఉంటే ఆ ఫిల్ము చూసి ఆపరేషన్ చేయించుకోకూడదు. డాక్టరు మిమ్మల్ని పడుకోబెట్టి, కాలు నిటారుగా పైకెత్తి, రిఫ్లెక్సులు చూసి, ఆ తర్వాత ఫిల్ము చూడాలి. ఫిల్ము మాత్రమే చూసి ప్యాకేజీ చెప్పినచోట ఆగకండి.

ఒంటి పరిస్థితి, చేతిలోని డబ్బు, దూరం. సుగర్, రక్తం పలచబరిచే మాత్రలు, పొగాకు అలవాటు ఉన్నాయా? చికిత్స ఖర్చుతో పాటు పని మానేసే రోజుల కూలీ ఎంత? మళ్లీ చూపించుకోవడానికి ఎంత దూరం పోవాలి? కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా 200 కిలోమీటర్ల పైమాటే. కడప వాళ్లకు తిరుపతి కొంత దగ్గర. కుట్లతో ఆ ప్రయాణం ఎన్నిసార్లు చేయగలరో ముందే ఆలోచించుకోండి.

## ఒక్కో దారి

| దారి | కాలి నొప్పికి | నడుము నొప్పికి | ఇప్పటిదాకా ఉన్న రుజువు | ముఖ్యమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| మందులు, వ్యాయామం, ఓపిక | చాలామందికి తగ్గుతుంది | కొంత మేలు | గట్టిది | వారాలు పడుతుంది |
| స్టెరాయిడ్ ఇంజెక్షన్ | కొంతకాలం ఉపశమనం | తక్కువ | మధ్యస్థం | సుగర్ పెరుగుతుంది |
| పీఆర్పీ ఒక్కటే | చెప్పలేం | కొందరికి మేలు | పలచన | సొంత ఖర్చు, ఇన్ఫెక్షన్ భయం |
| మైక్రో లేదా ఎండోస్కోపీ సర్జరీ | త్వరగా తగ్గుతుంది | అంతంత మాత్రం | గట్టిది | మళ్లీ జారే అవకాశం |
| సర్జరీతో పాటు పీఆర్పీ | సర్జరీ వల్ల తగ్గుతుంది | ఆశ మాత్రమే | చాలా పలచన | అదనపు ఖర్చు |
| స్టెమ్ సెల్ (మూల కణాలు) | చెప్పలేం | చెప్పలేం | ప్రయోగ దశ | డబ్బుకు అమ్మకూడదు |

### ఓపిక పట్టడం

ఓపిక పట్టమంటే మంచం మీద పడుకోమని కాదు. రెండు రోజులకు మించి పడుకోవడం వల్ల మేలు లేదు. నొప్పి తగ్గే భంగిమ కనుక్కుని, కొద్దికొద్దిగా నడక పెంచుతూ, డాక్టరు రాసిన మందులు వేసుకుంటూ కాలం గడపాలి. నెదర్లాండ్స్‌లో 2007లో ఈ విషయంపై మంచి పరిశోధన వచ్చింది. తీవ్రమైన కాలి నొప్పి ఉన్న 283 మందిలో సగం మందికి త్వరగా సర్జరీ అన్నారు, మిగతా సగం మందిని ఆగమన్నారు. సర్జరీ వాళ్లకు ఉపశమనం త్వరగా వచ్చింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామనే చెప్పారు. ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది ఏడాదిలోపు సర్జరీకి వెళ్లారన్నది కూడా మరిచిపోకూడదు. ఆగడం తప్పు కాదు, ఆగలేక వెళ్లడమూ తప్పు కాదు.

### స్టెరాయిడ్ ఇంజెక్షన్

నరం చుట్టూ వాపు తగ్గించడానికి ఎపిడ్యూరల్‌గా, అంటే వెన్నులో నరాల పొర బయటి ఖాళీలోకి వేస్తారు. కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. ఆ వ్యవధిలో నిద్ర పట్టి, నడక మొదలై, డిస్కు తనంతట తాను కరిగే సమయం దొరికితే అదే లాభం. డిస్కును బాగుచేసే మందు కాదిది. సుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజుల పాటు షుగర్ లెవెల్స్ బాగా పెరుగుతాయి, కాబట్టి ఇంట్లో చూసుకుంటూ ఉండాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, సొంతంగా మానేయకూడదు.

### పీఆర్పీ ఒక్కటే

మీ చేతి రక్తనాళం నుంచే రక్తం తీసి, ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పుతారు. బయటికి తీసేసరికి ట్యూబులో అడుగున ఎర్రని పొర, పైన లేత పసుపు ద్రవం, మధ్యలో పలచని తెల్లని చార కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని వేరు చేసి, ఎక్స్‌రే తెరపై చూస్తూ సూదిని డిస్కు మధ్యకు పంపి ఎక్కిస్తారు. ప్లేట్‌లెట్లలో గాయాలు మాన్పే పదార్థాలుంటాయి. డిస్కుకు సొంత రక్త ప్రసరణ దాదాపు లేదు, అందుకే దెబ్బ తింటే సరిగా మానదు. ఆ లోటు బయటి నుంచి పూడ్చాలన్నది దీని వెనకున్న ఆలోచన. ఆలోచనలో తప్పేం లేదు.

అమెరికాలో 2016లో 47 మంది మీద చేసిన పరీక్షలో పీఆర్పీ వేయించుకున్నవాళ్లకు ఎనిమిది వారాలకు మేలు కనిపించింది. అయితే వాళ్లవి ఆరు నెలలకు పైబడిన, డిస్కు నుంచే పుట్టిన నడుము నొప్పులు. కాలు లాగి పీకే సయాటికా వాళ్ల మీద చేసిన పరీక్ష కాదది. 2022లో వచ్చిన మరో చిన్న పరీక్షలో ఆ మేలు కనిపించలేదు.

ఇంకో చిక్కుంది. పీఆర్పీకి ముందూ తర్వాతా కొన్ని రోజులు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మానేయమంటారు, ప్లేట్‌లెట్ల పనిని అవి అడ్డుకుంటాయని. కాలి నొప్పితో రాత్రంతా కూర్చునే మనిషికి ఇది చిన్న షరతు కాదు.

### చిన్న కోత సర్జరీ

మైక్రోడిస్కెక్టమీలో రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, మైక్రోస్కోపులో చూస్తూ నరాన్ని నొక్కుతున్న ముక్కను మాత్రం తీస్తారు. డిస్కు మొత్తం తీయరు. ఈ పద్ధతి 1977 నుంచి ఉంది. ఎండోస్కోపీలో కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి చేస్తారు, కోత సెంటీమీటరు లోపే. కొన్నిసార్లు మత్తు పూర్తిగా ఇవ్వకుండా, రోగితో మాట్లాడుతూనే చేస్తారు. "కాలు లాగుతోందా?" అని సర్జన్ అడిగితే మీరు జవాబు చెప్పొచ్చు.

రెండింటిలో ఏది మేలని అందరూ అడుగుతారు. 2022లో నెదర్లాండ్స్‌లోనే 613 మంది మీద వచ్చిన పరిశోధనలో ఎండోస్కోపీ మామూలు మైక్రో సర్జరీకి ఏ మాత్రం తీసిపోలేదని తేలింది. అంటే చేసే చెయ్యి ముఖ్యం. ఎండోస్కోపీ నేర్చుకోవడానికి సర్జన్‌కు చాలా కాలం పడుతుంది. ఎండోస్కోపీ ఎన్నో చేసిన సర్జన్ అందుబాటులో ఉంటే అది, లేకపోతే చేయి తిరిగిన సర్జన్ చేతి మైక్రో. కోత ఒక సెంటీమీటరు తగ్గుతుందని కొత్త చేతికి నడుము అప్పగించొద్దు.

సర్జరీ తర్వాత అదే చోట మళ్లీ జారే అవకాశం నూటికి 5 నుంచి 15 మందికి ఉంటుంది. పీఆర్పీ ప్యాకేజీ పుట్టింది ఈ భయం నుంచే.

### రెండూ కలిపి

ముక్క తీశాక డిస్కు పీచు పొరలో రంధ్రం మిగులుతుంది. అది సరిగా మానకపోతే లోపల మిగిలిన గుజ్జు మళ్లీ అటే రావచ్చు. గుజ్జు తగ్గినకొద్దీ డిస్కు ఎత్తు తగ్గి, కొన్నేళ్లకు నడుము నొప్పి పెరగవచ్చు. ఆపరేషన్ చివర్లో అక్కడే పీఆర్పీ వేస్తే పొర త్వరగా మానుతుందనీ, డిస్కు అరుగుదల తగ్గుతుందనీ వాదన. జంతువుల మీద, కొద్దిమంది రోగుల మీద చేసిన పరీక్షల్లో ఆశ పుట్టించే ఫలితాలున్నాయి. కానీ మళ్లీ జారడం తగ్గుతుందని పెద్ద సంఖ్యలో రోగులను ఏళ్ల తరబడి చూసి తేల్చిన రుజువు లేదు. "ఇంక జన్మలో రాదు" అనే మాట ఏ డాక్టరూ అనకూడదు.

ఆచరణలోనూ చిక్కులున్నాయి. ఎండోస్కోపీ చేసేంతసేపూ లోపల సెలైన్ పారుతూ ఉంటుంది. పైగా రంధ్రం అప్పుడే తెరిచి ఉంది. పలచని పీఆర్పీని అందులోకి ఎక్కిస్తే గండి పడిన చెరువులోకి నీళ్లు వదిలినట్టే. అందుకే కొందరు దాన్ని జెల్‌లా గడ్డకట్టించి పెడతారు, కొందరు కొన్ని వారాలాగి విడిగా వేస్తారు. ఒక్కో చోట ఒక్కో పద్ధతి, ఒక్కో మోతాదు. ఒకచోట వచ్చిన ఫలితం ఇంకోచోట వస్తుందన్న భరోసా లేకపోవడానికి ఇదే కారణం.

నేనైతే ఇలా చూస్తాను. సర్జరీ అవసరమని ఇద్దరు డాక్టర్లు చెబితే సర్జరీకి వెళ్లండి. అక్కడ పీఆర్పీ ఏదైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో (రోగుల మీద చేసే పరిశోధనలో) భాగమైతే, మీ నుంచి దానికి డబ్బు తీసుకోకపోతే, వివరాలు చదువుకుని చేరవచ్చు. అప్పు చేసి మాత్రం కొనొద్దు.

### స్టెమ్ సెల్, ఓజోన్ సంగతి

స్టెమ్ సెల్ గురించి ఎక్కువ మాటలక్కర్లేదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్ వాడకం క్లినికల్ ట్రయల్‌లోనే జరగాలి, రోగి దగ్గర డబ్బు తీసుకుని చేయకూడదు. డిస్కుకు స్టెమ్ సెల్ ప్యాకేజీ అని రేటు చెప్పారంటే అక్కడి నుంచి లేచి రండి.

డిస్కులోకి ఓజోన్ గ్యాస్ ఎక్కించే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. గుజ్జును కుదించడం దాని ఉద్దేశం, పీఆర్పీలా మాన్పడం కాదు. డిస్కును మందుతో కరిగించే ఆలోచన కొత్తదేమీ కాదు. బొప్పాయి పాల నుంచి తీసిన కైమోపాపైన్ అనే ఎంజైమును అమెరికాలో 1982లో అనుమతించి చాలా ఏళ్లు వాడారు. కొందరికి తీవ్రమైన అలర్జీలు, నరాల సమస్యలు వచ్చాయి, చివరికి వాడకం ఆగిపోయింది. మన అనంతపురం, కడప తోటల బొప్పాయి తింటే డిస్కు కరుగుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

## మీరు ఎవరైతే ఏది

బండలు, మూటలు ఎత్తేవాళ్లు. ఎర్రగుంట్ల, తాడిపత్రి బండల ఫ్యాక్టరీలు, మార్కెట్ యార్డుల హమాలీలు. కాలి నొప్పి ఆరు వారాలు దాటి, పని చేయలేకపోతుంటే సర్జరీ వైపు మొగ్గడంలో న్యాయముంది, ఎందుకంటే ఆగిన ప్రతి నెలా కూలీ పోతుంది. మళ్లీ జారే భయం ఎక్కువున్నది వీళ్లకే, కాబట్టి పీఆర్పీ అమ్మేది కూడా వీళ్లకే. నా సలహా ఏమిటంటే, ఆ ఇంజెక్షన్‌కు పెట్టే డబ్బు ఇంటి ఖర్చుకు ఉంచుకుని, సర్జరీ తర్వాత అదనంగా ఒక నెల బరువు ఎత్తకుండా ఉండండి. మూడో వారంలో నొప్పి లేదని బండ ఎత్తి, మళ్లీ నా దగ్గరికొచ్చినవాళ్లను చూశాను. తాడిపత్రి ఆమెకు కూడా ఇదే చెప్పాను.

మగ్గం, కుట్టు మిషన్, స్టీరింగ్ ముందు కూర్చునేవాళ్లు. ధర్మవరంలో గుంట మగ్గం మీద ముందుకు వంగి గంటల తరబడి కూర్చుంటారు. కూర్చుని వంగినప్పుడు డిస్కు మీద ఒత్తిడి నిలబడినప్పటికంటే ఎక్కువ. వీళ్లలో చాలామందిది నడుము నొప్పే ఎక్కువ, కాలి నొప్పి తక్కువ. అలాంటివాళ్లకు సర్జరీ తొందరపాటు. అరగంటకోసారి లేవడం, కూర్చునే ఎత్తు మార్చుకోవడం, మూడు నెలలు క్రమం తప్పని వ్యాయామం ముందు చేయాలి.

బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసే మన పిల్లలు. ఆరు నెలలకు పైగా నడుము నొప్పి, ఎమ్మారైలో ఒకే డిస్కు పాడై, పొర చిరిగి బయటికి రాని ఉబ్బు, వ్యాయామం నిజంగా చేసినా తగ్గలేదు. పీఆర్పీ ఒక్కటే ప్రయత్నించడంలో కొంతైనా అర్థమున్నది ఈ కోవ వాళ్లకే. అదీ ఫలితం గ్యారంటీ లేదని తెలిసి, ఖర్చు భారం కానప్పుడు.

అరవై దాటి, సుగర్ ఉన్నవాళ్లు. నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే తేలికవుతుంటే అది డిస్కు జారడం కాకపోవచ్చు, నరాల దారి ఇరుకవడం కావచ్చు. దాని చికిత్స వేరు, పీఆర్పీ ఆ ఇరుకును వెడల్పు చేయలేదు. డిస్కే అయితే ముందు సుగర్ అదుపులోకి తెచ్చుకోండి. సర్జరీ అయినా, ఇంజెక్షన్ అయినా, ఇన్ఫెక్షన్ ముప్పు వీళ్లకు ఎక్కువ.

## ప్యాకేజీ చేతికిస్తే అడగాల్సినవి

మొదటి అభిప్రాయానికి కర్నూలు, అనంతపురం సర్వజన వైద్యశాలల్లో, కడప రిమ్స్‌లో ఆర్థో డాక్టర్లున్నారు. ప్యాకేజీ చెప్పినచోట కాకుండా ఇక్కడ ఒకసారి చూపించుకుంటే, మీ నొప్పి మీద తప్ప మీ బిల్లు మీద ఆసక్తి లేని మాట దొరుకుతుంది.

ఎన్టీఆర్ వైద్యసేవ (ఆరోగ్యశ్రీ) ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, మీకు చెప్పిన ఆపరేషన్ పేరు జాబితాలో ఉందో లేదో అడ్మిట్ కాకముందే చూసుకోండి. ఆపరేషన్ పథకంలో ఉంటుంది గానీ ఇంజెక్షన్‌కు డబ్బు కట్టాలి అంటే, ఇంజెక్షన్ వద్దని చెప్పి ఆపరేషన్ మాత్రమే చేయించుకునే హక్కు మీకుంది. పీఆర్పీ లేకుండా సర్జరీ చేసేది లేదంటే ఇంకో ఆసుపత్రి చూసుకోండి.

సర్జరీ బిల్లు, పీఆర్పీ బిల్లు విడివిడిగా రాసివ్వమనండి. పీఆర్పీలో ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంత, కొలుస్తారా అని అడగండి. జెల్‌గా పెడతారా, ద్రవంగానా? ఎందుకలా? ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేస్తారు? ఆరు నెలల్లో మళ్లీ జారితే ఖర్చెవరిది? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే డాక్టరు దొరికితే, ఆయన వద్దన్నా కావాలన్నా ఆ మాటకు విలువివ్వండి.

## ఇంటికొచ్చాక

మామూలుగా మర్నాడే నడిపిస్తారు. కూర్చోవడం మొదట్లో కొద్దిసేపే. వంగి ఎత్తడం, నడుము తిప్పి ఎత్తడం సర్జన్ చెప్పేదాకా వద్దు. బైకు మీద గతుకుల రోడ్డు కూడా అంతే. కాలి నొప్పి వెంటనే తగ్గినా తిమ్మిరి తగ్గడానికి నెలలు పట్టవచ్చు, దానికి కంగారు పడొద్దు.

కంగారు పడాల్సింది వేరే ఉంది. సర్జరీ గానీ, డిస్కులోకి ఇంజెక్షన్ గానీ అయిన ఒకటి నుంచి నాలుగు వారాల మధ్య, తగ్గుతూ వచ్చిన నడుము నొప్పి ఒక్కసారిగా విపరీతంగా పెరిగి, పక్క మీద అటు ఇటు తిరగడం కూడా కష్టమైతే, డిస్కులో ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. పారాసిటమాల్ వేసుకుని వారం ఆగకండి. చేసిన డాక్టరుకు అదే రోజు ఫోన్ చేయండి. ఆయన హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే, మీ ఊళ్లోనే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్త పరీక్షలు (ఇన్ఫెక్షన్ జాడ చూపేవి) చేయించి ఆ రిపోర్టు ఆయనకు పంపండి, రమ్మంటే ఆ రాత్రే బయలుదేరండి.